‘చేయడం జరిగింది’ అంటే చేసిందెవరు?

మార్కెట్ యార్డు నుంచో, మున్సిపల్ ఆఫీసు నుంచో పత్రికలకు వచ్చే ప్రకటన చాలాసార్లు ఇలా ఉంటుంది: ‘మిర్చి రైతుల సమస్యలపై సమావేశం నిర్వహించడం జరిగింది. తూకంలో తేడాలపై వచ్చిన ఫిర్యాదులను పరిశీలించడం జరిగింది. బాధ్యులపై తగు చర్యలు తీసుకోవడం జరుగుతుందని తెలియజేయడం జరిగింది.’

మూడు వాక్యాలు, నాలుగు ‘జరగడాలు’. సమావేశం పెట్టిందెవరు? ఫిర్యాదులు చూసిందెవరు? చర్య తీసుకోబోయేదెవరు? ఆ మాట చెప్పిందెవరు? ఒక్కదానికీ జవాబు లేదు. వ్యాకరణం తప్పిందనడానికి లేదు, అచ్చుతప్పూ లేదు. కానీ కాటా దగ్గర నష్టపోయిన రైతు దీన్ని రెండుసార్లు చదివినా ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలో తెలుసుకోలేడు. బలహీనమైన క్రియ వల్ల అసలు నష్టం ఇదే. శైలి చప్పబడటం దాని తర్వాతి సంగతి.

ఇంగ్లీషు రచనా పాఠాల్లో ‘కర్మణి మాని కర్తరి రాయండి’, అంటే ‘చేయబడింది’ అనకుండా ‘ఫలానావారు చేశారు’ అనండి అన్న సలహా ముందుగా కనిపిస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టుగా తెలుగుకు అన్వయిస్తే సగం పనే అవుతుంది. తెలుగు క్రియ కట్టుబాటు వేరు. ‘వచ్చాను, వచ్చాం, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి’ అన్న ఏడు రూపాలు చూడండి. పని ఏమిటో, అది ఎప్పుడు అయిందో, చేసింది నేనో నువ్వో వాళ్లో, ఒకరో పదిమందో, అంతా ఒక్క మాటలో ఇమిడి ఉంది. అందుకే మనం కర్త పేరెత్తకుండానే రోజంతా మాట్లాడుకోగలం. ఇప్పుడు అదే క్రియను ‘రావడం జరిగింది’ చేయండి. ఏడు రూపాలూ పోయి ఒక్కటే మిగిలింది. ‘జరిగింది’కి కర్త ‘రావడం’. వచ్చిన మనిషి ఎవరో ఆ క్రియ చెప్పదు. ఇంగ్లీషులో కర్మణి వాక్యం కర్తను పక్కకు నెడుతుంది. తెలుగులో ‘-డం జరిగింది’ క్రియ చివర ఉన్న కర్త గుర్తును కూడా తుడిచేస్తుంది.

ఇంకో సంగతి, తెలుగు వాక్యానికి బరువంతా చివరే. ‘నిన్న సాయంత్రం బందరు రోడ్డులో ఆటోను లారీ’ అన్నంతవరకు చదివినవాడికి ఏమైందో తెలియదు. ‘ఢీకొట్టింది’, ‘తప్పించింది’, ‘ఆపింది’, ఏదైనా కావచ్చు. చివరి మాట కోసం పాఠకుడు ఆగుతాడు. అక్కడికి చేరాక దొరికేది ‘జరిగింది’ అన్న వట్టి మాటే అయితే ఆగినందుకు ఫలితం లేదు.

సరిదిద్దే పని కష్టం కాదు గానీ వరుస తప్పకూడదు. ముందు ‘జరిగింది’ కింద గీత గీసి, దాని ముందున్న ‘-డం’ మాటను చూడాలి. అసలు క్రియ అందులోనే ఉంటుంది: ‘పరిశీలించడం’లో పరిశీలించు. తర్వాత ‘ఎవరు?’ అని అడగాలి. జవాబు పై వాక్యంలో ఉంటే తెచ్చుకోవాలి. ఎక్కడా లేకపోతే ప్రకటన పంపినవారికి ఫోన్ చేయాలి. జవాబు తెలియకుండా ‘జరిగింది’ తీసేసి ‘పరిశీలించారు’ అని పెడితే వాక్యం చురుగ్గా కనిపిస్తుంది గానీ లోపం అలాగే ఉంటుంది. ఆ తర్వాత కర్తకు తగిన ప్రత్యయం వేయాలి. ఇక్కడే చాలామంది జారుతారు: ‘కమిటీ పరిశీలించింది’, ‘కమిటీ సభ్యులు పరిశీలించారు’, ‘ప్రభుత్వం ప్రకటించింది’, ‘మంత్రి ప్రకటించారు’. ‘ప్రభుత్వం ప్రకటించారు’ అని అచ్చయ్యే వాక్యాలు ఈ తొందరలో పుట్టేవే.

ఆఖరున విభక్తులు చూడాలి. పాత వాక్యంలో ‘ద్వారా’, ‘చేత’, ‘తరఫున’ మిగిలిపోతుంటాయి. ‘కమిటీ ద్వారా పరిశీలించడం జరిగింది’ అన్నది ‘కమిటీ ద్వారా పరిశీలించింది’ కాకూడదు. ‘కమిటీ పరిశీలించింది’ కావాలి. అయితే ‘ద్వారా’ కనపడిన చోటల్లా కొట్టేయకూడదు. ‘వరదలో చిక్కుకున్నవారికి డ్రోన్ల ద్వారా ఆహారం పంపారు’ అన్నప్పుడు అది సాధనాన్ని చెబుతోంది, ఉండాల్సిందే.

‘-డం జరిగింది’ చేసే మరో హాని కొంచెం లోతుగా ఉంటుంది. ‘తూనికలు కొలతల శాఖ అధికారులు యార్డుకు వచ్చి, కాటాలు తనిఖీ చేసి, మూడింటిని సీజ్ చేయడం జరిగింది’ అన్న వాక్యం తీసుకోండి. ‘వచ్చి, చేసి’ అన్న క్త్వార్థకాలు, అంటే పని పూర్తిగా చెప్పని క్రియలు, ముగింపు క్రియ కోసం ఎదురు చూస్తాయి. వాటికీ దానికీ మామూలుగా కర్త ఒకటే ఉండాలి. ఇక్కడ వచ్చింది అధికారులు, తనిఖీ చేసింది అధికారులు, చివరికొచ్చేసరికి జరిగింది ‘సీజ్ చేయడం’. అధికారుల క్రియ రానే లేదు. ‘సీజ్ చేశారు’ అంటే ముడి వీడిపోతుంది. పొడుగు వాక్యం చదివాక ఏదో తేడాగా అనిపించి, ఏమిటో తెలియకపోతే ముందు ఈ చోటే వెతకాలి.

వ్యతిరేకార్థంలో నష్టం ఇంకా ఎక్కువ. తెలుగులో ‘చేయలేదు’ వేరు, ‘చేయలేకపోయాం’ వేరు, ‘చేయం’ వేరు, ‘చేయనివ్వలేదు’ వేరు. ‘బిల్లులు చెల్లించడం జరగలేదు’ అంటే డబ్బు లేదనా, ఇష్టం లేదనా, ఫైలు కదల్లేదనా? ఏ అర్థమైనా తీసుకోవచ్చు, అంటే ఏ అర్థమూ ఇవ్వలేదన్నమాట. బాధ్యత తీసుకోవడం ఇష్టం లేనివారికి ఈ మాట ఎందుకంత అనువుగా ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది.

ఇక కర్మణి, అంటే ‘-బడు’. ‘ఇచ్చట జెరాక్స్ తీయబడును’, ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డులు విజయవాడ గవర్నరుపేటలోనూ ఉంటాయి, గుంటూరు బ్రాడీపేటలోనూ ఉంటాయి. ఆ కొట్లోవాళ్లెవరూ నోటితో అలా అనరు. ‘జెరాక్స్ తీస్తాం’ అంటారు. తెలుగుకు కర్మణి అవసరం తక్కువ కావడానికి కారణం ఉంది: కర్త ఎవరో చెప్పనక్కర్లేనప్పుడు వాడుకోవడానికి మనకు ముందునుంచే ఒక రూపం ఉంది. ‘రోడ్డు వేశారు’, ‘కరెంటు తీశారు’, ‘ఈ సందులో పుస్తకాలు అమ్ముతారు’. ఎవరో చెప్పలేదు, అయినా వాక్యం బతికే ఉంది. చేసినవాళ్లు మనుషులేనని ‘-రు’ చెబుతోంది. కాబట్టి ‘రోడ్డు వేయబడింది’ని సరిదిద్దాలంటే ప్రతిసారీ కర్తను వెతికి తేవాల్సిన పని లేదు, ‘వేశారు’ చాలు. కర్త ముఖ్యమైన చోట మాత్రం పేరు పెట్టాలి.

ఈ ‘-బడు’నూ, ‘కనబడు, వినబడు’ లాంటి మాటలనూ ఒకే గాటన కట్టకూడదు. ‘కొండ మీద గుడి కనబడుతోంది’ కర్మణి వాక్యం కాదు, అచ్చమైన తెలుగు. ‘కష్టపడు, సిగ్గుపడు, బయటపడు’ కూడా అంతే.

ఆఫీసు తెలుగుకు ఈ రూపాలు ఎక్కువగా ఇంగ్లీషు ఫైళ్ల నుంచే వచ్చాయి. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక తెలుగులో ఉత్తర్వులు రాయాల్సి వచ్చినప్పుడు, ఇంగ్లీషు నమూనాను ముందు పెట్టుకుని మాటకు మాట మార్చడం తేలిక దారి అయింది. ‘నిర్ణయించబడినది’, ‘ఆదేశించడమైనది’ అన్న ముగింపులు అలా స్థిరపడ్డాయి. వాటిని చదివి చదివి, ఇంట్లో చక్కగా మాట్లాడే మనిషి కూడా కాగితం ముందు కూర్చోగానే ఆ స్వరంలోకి మారిపోతాడు. గంభీరంగా ఉంటుందనే నమ్మకం తప్ప అందులో మరో లాభం లేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది జంట క్రియల విషయం. తెలుగులో చాలా పనులకు రెండు క్రియలుంటాయి, దానంతట అది అయ్యేది ఒకటి, ఒకరు చేసేది ఒకటి: తెగు–తెంచు, కూలు–కూల్చు, కాలు–కాల్చు, ఆగు–ఆపు, తగ్గు–తగ్గించు, మునుగు–ముంచు. ‘గోడ కూలింది’, ‘గోడ కూల్చారు’ మధ్య తేడా రెండు అక్షరాలే, కానీ కేసు పెట్టాలా వద్దా అన్నది ఆ అక్షరాల మీద ఉంటుంది. మన కృష్ణా, గుంటూరు జిల్లాలు కాలువల నాడు కాబట్టి మనకు ఇంకా బాగా తెలిసిన జంట ఒకటుంది. ‘గట్టుకు గండి పడింది’ అంటే నీటి ఉరవడికి తెగింది. ‘గట్టుకు గండి కొట్టారు’ అంటే పలుగూ పారా పట్టిన మనుషులున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ మునిగినప్పుడు గట్టుకు గండ్లు పడ్డాయి. వాటిని సైన్యం సాయంతో పూడ్చారు. ‘పడ్డాయి’, ‘పూడ్చారు’ అన్న రెండు క్రియలూ చాలు, ఏది ప్రకృతి పనో ఏది మనుషుల పనో తెలిసిపోవడానికి. ‘గండ్లు ఏర్పడటం, వాటిని పూడ్చివేయడం జరిగింది’ అని రాసి ఉంటే రెండూ ఒకే రంగు పూసుకునేవి.

అందుకే ‘ఎప్పుడూ చురుకైన క్రియే వాడాలి’ అన్న సలహా ఈ జంటల దగ్గర ప్రమాదకరం. పైపు ఎవరు పగలగొట్టారో తెలియనప్పుడు ‘పగిలింది’ అనాలి. వాక్యం బలంగా ఉంటుందని ‘పగలగొట్టారు’ రాస్తే అది ఆరోపణ అవుతుంది. బలం క్రియకు నిజం నుంచి రావాలి.

‘జరిగింది’ తర్వాత ఎక్కువగా చూసేవి ‘నిర్వహించారు’, ‘ఏర్పాటు చేశారు’. జిల్లా పేజీలో వీటిని లెక్కపెట్టి చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమే. పూజలు నిర్వహిస్తారు, ధర్నా నిర్వహిస్తారు, తనిఖీలు నిర్వహిస్తారు, వైద్య పరీక్షలు నిర్వహిస్తారు. పూజలు చేశారు, ధర్నాకు దిగారు, తనిఖీ చేశారు, రక్తం తీసి పరీక్షించారు అంటే పోయేదేమీ లేదు. పైగా ఏం చేశారో కళ్లకు కడుతుంది. ‘నిర్వహించు’ను నిజంగా నడిపే పనికి దాచుకోవచ్చు: ‘ఆమె ఇరవై ఏళ్లుగా హాస్టల్ నిర్వహిస్తోంది.’

‘ఏర్పాటు చేశారు’ ఇంకా దుబారా మాట, ఎందుకంటే అది ఆక్రమించుకున్న చోటులో అచ్చ తెలుగు క్రియలు డజన్ల కొద్దీ ఉండేవి. పందిరి వేస్తారు, కుర్చీలు వేస్తారు, బ్యానరు కడతారు, తోరణాలు కడతారు, బోర్డు తగిలిస్తారు, సీసీ కెమెరాలు బిగిస్తారు, చలివేంద్రం తెరుస్తారు, స్తంభం పాతుతారు, విగ్రహం నిలబెడతారు. గుడిలో అయితే ప్రతిష్ఠిస్తారు. రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెడతారు, తాడు కడతారు, ముళ్లకంప వేస్తారు. వీటిలో ప్రతి క్రియా ఒక చేతి కదలికను చూపిస్తుంది. అన్నింటినీ ‘ఏర్పాటు’లో కలిపేస్తే చూపించడానికి ఏదీ మిగలదు. ‘నమోదైంది’ విషయంలో మాత్రం కాస్త విచక్షణ కావాలి. ఉష్ణోగ్రత నమోదైంది అంటే సరే, పరికరం నమోదు చేసింది. వాన నమోదు కాదు, కురుస్తుంది. పోలీసులు కేసు నమోదు చేశారని రాయవచ్చు. మాటల్లో ‘కేసు కట్టారు’ అన్నది ఇంకా దగ్గరి మాట. యార్డులో తేజ రకం మిర్చికి ధర నమోదు కాదు, ‘పలుకుతుంది’. ధర మాటకు వస్తే ‘పలికింది’కి మించిన క్రియ ఏముంటుంది?

పని తెలిసినవాళ్ల నోట క్రియలు ఎప్పుడూ ఖచ్చితంగా ఉంటాయి. రాసేవాళ్లు వాటిని పోగొడుతుంటారు. ‘రైతులు మిర్చి పంటను సేకరించి, శుభ్రపరచి, యార్డుకు రవాణా చేశారు’ అన్నది ఎక్కడివాళ్లయినా రాయగలరు. ‘మిరపకాయలు కోసి, కల్లంలో ఆరబోసి, తాలు ఏరి, టిక్కీలకు నింపి యార్డుకు తోలారు’ అన్నది గుంటూరు చుట్టుపక్కల తెలిసినవాళ్లే రాయగలరు (టిక్కీ అంటే మిర్చి బస్తా). వరి అయితే ఊడుస్తారు, కోస్తారు, కుప్ప వేస్తారు, నూరుస్తారు, తూర్పారబడతారు. ‘వ్యవసాయ పనులు చేపట్టారు’ అన్న మాటకు ఇందులో ఏ పనో చెప్పే శక్తి లేదు, దాన్ని బట్టి అది ఏ నెలో కూడా తెలియదు. ‘ఊడ్పులు మొదలయ్యాయి’ అంటే నెల కూడా తెలిసిపోతుంది.

వంటల రాతల్లో ఈ నష్టం నేరుగా గిన్నెలోకే వస్తుంది. ‘కట్ చేసి, యాడ్ చేసి, మిక్స్ చేసి, గ్రైండ్ చేసి’ అని రాస్తే చేసేవారికి ఏం చేయాలో తేలదు. ఉల్లిపాయలు తరుగుతారు, పచ్చిమిర్చి నిలువునా చీరుతారు, కొత్తిమీర తుంచుతారు, బెండకాయలు కోస్తారు, బీరకాయ చెక్కు తీస్తారు, ఆవకాయకు మామిడికాయలు టెంకతో సహా కొడతారు. ‘గ్రైండ్’ కూడా అంతే: ఎండినవి దంచుతారు, నానిన పప్పు రుబ్బుతారు, గోంగూర పచ్చడి నూరుతారు, ఉడికిన పప్పు మెదుపుతారు. గోంగూర మగ్గాక ‘గ్రైండ్ చేయండి’ అని చదివిన మనిషి మిక్సీలో మెత్తగా తిప్పేస్తే పచ్చడి జిగటైపోతుంది; ‘కచ్చాపచ్చాగా నూరండి’ అని ఉంటే ఆ పొరపాటు పడేది కాదు. అలాగని పరాయి మాట పక్కన ‘చేయు’ వచ్చిందల్లా బలహీనం కాదు. ‘ఫోన్ చేశాడు’, ‘రీచార్జ్ చేసింది’ అన్నవి స్థిరపడిన మాటలు. వాటికి బదులు వెతకడం వృథా శ్రమ.

సంస్కృత నామవాచకానికి ‘చేయు’ తగిలించే అలవాటు గురించి క్లుప్తంగా. ‘పరిశీలన చేశారు’, ‘ప్రయత్నం చేశారు’, ‘నిర్ణయం తీసుకున్నారు’ అన్నవాటిని ‘పరిశీలించారు, ప్రయత్నించారు, నిర్ణయించారు’ చేస్తే వాక్యం బిగుస్తుంది. కొన్నిటికి అర్థం మారుతుంది, చూసుకోవాలి. ‘చర్చించారు’ అంటే కూర్చుని మాట్లాడుకున్నారు. ‘చర్చలు జరిపారు’ అంటే ఇరుపక్షాలు ఒప్పందం కోసం మాట్లాడుకున్నాయి. కార్మిక సంఘమూ యాజమాన్యమూ చేసేది రెండోది.

కొన్ని వాక్యాలకు మంచి క్రియ అంటే అసలు క్రియ లేకపోవడమే. ‘ప్రకాశం బ్యారేజీ 70 గేట్లను కలిగి ఉంది’ అన్నది ఇంగ్లీషు వాక్యానికి తెలుగు తొడుగు. ‘ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు’ అంటే పూర్తయిన తెలుగు వాక్యం. ‘ఇది ప్రధాన సమస్యగా ఉంది’ కన్నా ‘ఇదే అసలు సమస్య’ గట్టిది. ‘కలిగి ఉంది’ని పట్టుకుంటే చాలు, నూటికి తొంభై చోట్ల ‘-కి’ లేదా ‘-కు’ ఆ పని చేసిపెడుతుంది.

మరి ముట్టుకోకూడనివి ఏవి? ‘నాకు ఆకలేస్తోంది’, ‘ఆమెకు కోపం వచ్చింది’, ‘పిల్లవాడికి జ్వరం తగిలింది’ లాంటి వాక్యాల్లో మనిషి కర్త కాడు, అనుభవించేవాడు. వీటిని కర్తరి చేయాలని ‘ఆమె కోపించింది’ అంటే నాటకం మాట వస్తుంది. ‘జరుగు’ కూడా దోషి కాదు; సంఘటనకు అదే సరైన క్రియ. పెళ్లి జరుగుతుంది, ఎన్నికలు జరుగుతాయి, 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి. ముందున్న మాట ‘-డం’తో ముగిస్తేనే అనుమానించాలి. ‘నీళ్లు రావడం లేదు’ లోని ‘-డం’ మళ్లీ వేరే రకం. ‘వస్తున్నాయి’కి వ్యతిరేక రూపం అది, బాగానే ఉంది. సాయపడే క్రియలను కూడా పనికిరానివని కొట్టేయకూడదు: ‘చెప్పాడు’కూ ‘చెప్పేశాడు’కూ ‘చెప్పుకున్నాడు’కూ తేడా ఉంది. దాపరికం పోయిందన్న సంగతీ, గోడు వెళ్లబోసుకున్నాడన్న సంగతీ ఆ చిన్న తోకల్లోనే ఉన్నాయి.

ఇప్పుడు ఒక నమూనా. ‘కాలనీలో తాగునీటి సమస్య తీవ్రంగా ఉండటం వల్ల స్థానికులు ఇబ్బందులు ఎదుర్కోవడం జరుగుతోంది. పైపులైను దెబ్బతినడం జరిగినందున నీటి సరఫరా నిలిపివేయబడింది. ఈ విషయాన్ని అధికారుల దృష్టికి తీసుకువెళ్లడం జరిగింది. త్వరలో మరమ్మతులు చేపట్టడం జరుగుతుందని హామీ ఇవ్వడం జరిగింది.’

దీన్ని తిరగరాయడానికి కూర్చుంటే కలం కన్నా ముందు ఫోన్ అందుకోవాల్సి వస్తుంది. నీళ్లు రాక ఎన్నాళ్లయింది? పైపు తానే పగిలిందా, ఎవరైనా పగలగొట్టారా? నీళ్లు ఆపింది ఎవరు? కాలనీవాళ్లు ఎవరిని కలిశారు? ఎప్పటికి బాగుచేస్తామన్నారు? జవాబులు దొరికాయనుకుంటే వార్త ఇలా వస్తుంది: ‘కాలనీలో మూడు రోజులుగా కుళాయి నీళ్లు రావడం లేదు. డ్రైనేజీ కాలువ తవ్వుతుండగా పొక్లెయినరు తగిలి పైపు పగిలింది. మురుగు కలవకుండా నగరపాలక సంస్థ సిబ్బంది వాల్వు కట్టేశారు. కాలనీవాసులు ఇంజనీరును కలిశారు. శనివారంలోగా కొత్త పైపు వేస్తామని ఆయన చెప్పారు.’ ఇందులో ‘పగిలింది’ అకర్మకం, అంటే దానంతట అది అయ్యే క్రియ. తవ్వినవాళ్లు కావాలని చేయలేదు కాబట్టి అదే సరి. ‘ఇబ్బందులు’ అన్న మాట పోయింది, మూడు రోజులు నీళ్లు లేవంటే ఇబ్బంది ఎంతో చదివేవారికి తెలుసు. ‘త్వరలో’ బదులు ఒక వారం పేరు వచ్చింది, ఆదివారం పొద్దున కాలనీవాళ్లు అడగడానికి వీలుంది.

రాసింది ఒక్కసారి కింది నుంచి పైకి, ప్రతి వాక్యంలో చివరి మాటను మాత్రమే చూసుకుంటూ వెళ్తే ఈ దోషాలు తొందరగా దొరుకుతాయి. వరసగా ఉంది, జరిగింది, చేశారు, ఉంది అని కనపడితే ఆ పేరా మీద పని ఉన్నట్టే. కంప్యూటర్‌లో అయితే ‘డం జరి’, ‘డం జరు’, ‘బడిం’, ‘బడును’, ‘కలిగి ఉ’, ‘నిర్వహిం’, ‘ఏర్పాటు’ అన్న ముక్కలను ఒక్కొక్కటిగా వెతకాలి. కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లు ‘చేయటం’ అని కూడా ఎక్కువగా రాస్తారు కాబట్టి ‘టం జరి’, ‘టం జరు’ కూడా వెతకాలి, లేకపోతే సగం తప్పించుకుంటాయి. యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలుకే ఇది సూటిగా పనిచేస్తుంది. మన డీటీపీ సెంటర్లలో ఇంకా చాలా పని ‘అను’ అనే, యూనికోడ్ కాని పాత ఫాంట్లలోనే సాగుతోంది. ఆ ఫైలులో యూనికోడ్ అక్షరాలతో వెతికితే ఒక్కటీ దొరకదు, పేజీ శుభ్రంగా ఉందని భ్రమ కలుగుతుంది. అక్కడ వెతికే మాటను కూడా అదే ఫైల్లోంచి కాపీ చేసి వెతికే పెట్టెలో అతికించాలి, లేదా పేజీలు కట్టకముందే, యూనికోడ్ ప్రతి చేతిలో ఉండగానే ఈ పని ముగించుకోవాలి.